ఎర్ర కుళాయిలో చన్నీళ్లు

హవల్లీ, కువైట్
జూన్

వదినగారికి, కామేశ్వరి నమస్కారాలు.

ఫోనులో నా గొంతు మీ చెవికి అందదు కనుక ఎప్పటిలాగే కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపుతున్నాను. ఈసారి అక్షరాలు కొంచెం వంకరగా ఉంటాయి. కుడిచెయ్యి కాలింది. కంగారు పడకండి, బొబ్బలు అణిగిపోయాయి.

ఎలా కాలిందో చెబితే నవ్వుతారు. చన్నీళ్ల కోసం వేన్నీళ్ల కుళాయి తిప్పాను.

ఇక్కడి ఎండాకాలం సంగతి మీకు తెలియదు కదా. మేడమీది టాంకీ పగలంతా ఎండకు కాగుతుంది. నీలం గుర్తున్న కుళాయి తిప్పితే ముట్టుకోలేనంత వేడినీళ్లు వస్తాయి. అందుకని ఏప్రిల్ దాటగానే ఇళ్లలో గీజరు ఆపేస్తారు. మా గీజరు బాత్‌రూం సీలింగు పైన ఉంటుంది. ఇంట్లో ఏసీ చల్లదనానికి ఆ పెట్టెలో నిలవున్న నీళ్లు చల్లబడతాయి. కనుక అక్టోబరు దాకా ఎర్ర గుర్తు కుళాయి చన్నీళ్లకి, నీలం గుర్తుది వేన్నీళ్లకి. కొత్తగా వచ్చినవాళ్లు తికమకపడతారు గానీ, ఆదర్శ్ చంటిపిల్లాడప్పుడు వచ్చినవాళ్లం, మా చేతులకి ఇది అలవాటే.

మొన్న పొద్దున మీ తమ్ముడు షుఐబాలో ప్లాంటుకి బయల్దేరి వెళ్లాక, మొహం కడుక్కుందామని ఎర్ర కుళాయి తిప్పాను. సలసల కాగిన నీళ్లు పడ్డాయి. చెయ్యి పట్టుకునే నడవలోకి వచ్చి స్విచ్ చూశాను. ఆపే ఉంది. మళ్లీ లోపలికి వెళ్తే అద్దమంతా ఆవిరి. ఎవరో ఇప్పుడే స్నానం చేసి వెళ్లినట్టుంది. కానీ నేల పొడిగా ఉంది. ఆ బాత్‌రూం ఆదర్శ్‌ది. వాడు పుణెలో ఉద్యోగంలో చేరినప్పటినుంచీ అక్కడ ఎవరూ స్నానం చేయడం లేదు.

అంతటితో అయిపోయిందనుకుంటే, సీలింగు పైనుంచి చప్పుడు మొదలైంది. గులకరాళ్లు నోట్లో వేసుకుని ఎవరో నెమ్మదిగా నములుతున్నట్టుంది. కాసేపటికి ఆగింది.

మా ఇంట్లో గిన్నెలు తోమే రెడ్డెమ్మ మీకు తెలుసుగా, రాయచోటి వైపు మనిషి. చీపురు అక్కడే పడేసి వచ్చింది. “ఆ నీళ్లగదిలో ఎవురో ఉండారమ్మా. నేను తుడస్తా ఉంటే పైన గొంతు సవరించుకున్నెట్ల అయింది. మగ గొంతే” అంది. “నీ మొగుడేమో చూడు” అన్నాను. “మా ఆయనైతే గొంతు సవరించుకోడమ్మా, నేరుగా తిడతాడు” అంది. ఇద్దరం నవ్వాం. కానీ ఆ పూట ఆ గది తుడవలేదు.

సాయంత్రం ఈయనకి చెబితే, “నువ్వే వేసి, నువ్వే ఆపేసి మరిచిపోయుంటావు కామూ” అన్నారు, స్వెట్టరు గుండీలు విప్పుకుంటూ. ఆఫీసులో ఏసీ చలి ఎక్కువైందట, ఈమధ్య రోజూ వేసుకు వెళ్తున్నారు.

పప్పుల డబ్బాల మీద కొన్న తేదీ రాసి అంటించే మనిషిని నేను. స్విచ్ వేసి మరిచిపోతానా వదినగారూ? ఆ మాట విన్నప్పటినుంచీ చేతికంటే అదే ఎక్కువ మండుతోంది. మా అమ్మ ఆఖర్న నన్ను గుర్తుపట్టలేదన్న సంగతి మీకు తెలుసు.

మీ చెవి మిషను కొత్తది తీసుకున్నారా?

మీ కామేశ్వరి


విజయవాడ
జూన్ చివర

కామేశ్వరికి ఆశీస్సులు.

చేతికి కలబంద గుజ్జు రాయి. టూత్‌పేస్టు పూసేవు, నువ్వు చేసే పనే అది.

మిషను కొత్తది తీసుకున్నాను. ఎదురింటి కుక్క మొరగడం బ్రహ్మాండంగా వినిపిస్తోంది, మనిషి మాట మాత్రం ఒక్కటీ లేదు. ముప్ఫై ఏళ్లు బడిలో “నిశ్శబ్దం!” అని అరిచాను కదా, దేవుడు ఇప్పటికి విన్నాడు.

నీ గీజరు సంగతి చదివితే భయం వేయలేదు గానీ, ఆ పెట్టెకి కాలం చెల్లిందని మాత్రం అర్థమైంది. మా అపార్ట్‌మెంటులో కింది వాటా వాళ్లదీ ఇలాగే గొణిగింది. తరవాత నీళ్లు టీ రంగులోకి తిరిగాయి. తరవాత గోడ చెమ్మెక్కింది. ఆ మూడూ వరసగా వస్తాయి. మనిషిని పిలిపించి చూపించు, బేరాలాడుతూ కూర్చోకు.

మీ అమ్మ సంగతి మీ అమ్మది. దాన్ని తెచ్చి నీ నెత్తిన పెట్టుకోకు.

తమ్ముడు భద్రం ఎలా ఉన్నాడు? వాడు మొన్న నాకు పువ్వుల బొమ్మతో నూతన సంవత్సర శుభాకాంక్షలు పంపాడు. జూన్ నెలలో! పాతదేదో వేలు తగిలి వచ్చి ఉంటుందనుకున్నాను. మర్నాడు మళ్లీ అదే పంపాడు. బాగా నిద్రపోతున్నాడా? తువ్వాలు మడతపెట్టి ఆరేసే అలవాటు ఇంకా ఉందా? ఊరికే అడుగుతున్నాను.

నీ క్షేమం కోరే వదిన
హైమవతి


హవల్లీ
జూలై

వదినగారికి,

గీజరు మనిషి వచ్చాడు. ఖాజా హుస్సేన్ అని, కడపవాడే. నిచ్చెన ఎక్కి సీలింగు పలక తీసి, తల లోపల పెట్టి, “మేడం, ఈ పెట్టెకూ నాకూ ఒకే వయసు. ఇది నాకంటే బాగుంది” అన్నాడు. అడుగునున్న గొట్టం విప్పితే ముందు ఎర్రటి నీళ్లు, తరవాత తెల్లటి పెచ్చులు పడ్డాయి. టాంకీ నీళ్లలోని సున్నం అలా పేరుకుంటుందట. ఆ సున్నం కింద నీళ్లు ఇరుక్కుని ఉడికితే అలా గులగులమంటుందట.

“అయితే దెయ్యం కాదన్నమాట” అన్నాను.

“దెయ్యమైతే తాయెత్తు కట్టిపోదును మేడం, దీనికి కొత్తది కావాల” అన్నాడు. బిల్డింగు చూసుకునే హారిస్‌ని అడిగితే, ఓనరు ఊళ్లో లేడు, బుక్రా బుక్రా అంటున్నాడు. ఇక్కడ రేపు అంటే ఏ రేపో ఎవరికీ తెలియదు. అందాకా ఖాజా హుస్సేన్ థర్మోస్టాట్ మార్చి, పక్కన, ఆవిరి ఎక్కువైతే బయటికి వదిలే సేఫ్టీ వాల్వు చుక్కచుక్కగా కారుతుంటే చూసి తల అడ్డంగా ఊపాడు. వెళ్తూ వెళ్తూ ఒక మాట అన్నాడు. “చప్పుడు చేసినన్నాళ్లూ మంచిదే మేడం. చప్పుడు నిలిచిపోతే మాత్రం ఆ గదిలోకి పోవద్దు.”

నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

“స్విచ్ ఆపే ఉంటే నీళ్లెలా కాగుతాయి?” అని అడిగాను. “ఎవురో వేస్తాండారు మేడం, దానంతటది కాగదు” అన్నాడు. వాడెదురుగానే స్విచ్ మీద తెల్ల టేపు అంటించాను. మనసు తేలికపడింది.

మర్నాడు పొద్దున చూస్తే టేపు లేదు. ఊడి కింద పడలేదు. నాలుగు మడతలు పెట్టి, స్విచ్ పక్కన గోడకి నీటుగా అంటించి ఉంది. స్విచ్ ఆపే ఉంది. ఎర్ర కుళాయి సెగలు కక్కుతోంది.

కొత్త టేపు వేశాను. మళ్లీ మర్నాడు అంతే. ఇప్పుడు గోడమీద ఆ మడతలు ఒకదాని కింద ఒకటి వరసగా ఉన్నాయి. పీకి పారేయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

రెడ్డెమ్మని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. “నేను వచ్చేటప్పటికి మీరు తలుపు తీస్తారు, పోయేటప్పుడు మీరే వేస్తారు. స్విచ్చితో నాకేం పనమ్మా? నన్నంటావున్నారా?” అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇంక మిగిలింది నేనే కదా. పొద్దున వంటింట్లో ఎగ్జాస్టు ఫ్యాను హోరులో ఈయనకి డబ్బా కడుతూ ఉంటాను. ఆ మధ్యలో నాకే తెలియకుండా వెళ్లి వేసి వస్తున్నానా? టేపు మడత పెడుతున్నది నా వేళ్లేనా?

మీ తమ్ముడు చాలా మంచిగా ఉన్నారు. కోప్పడలేదు. “డాక్టరుకి చూపిద్దాం కామూ, భయమెందుకు” అని తనే తీసుకెళ్లారు. డాక్టరు మలయాళీ ఆవిడ. బొమ్మలు చూపించి పేర్లడిగింది, గడియారం గియ్యమంది. అన్నీ చెప్పాను. “ఇది ఏ నెల?” అంది. నేను నోరు విప్పేలోగా ఈయన పక్కనుంచి, బడిలో కాపీ అందించినట్టు, మెల్లిగా “జనవరి” అన్నారు. ఆవిడ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఈ వయసులో ఈయనకి ఇంత సరదా ఎక్కడినుంచి వచ్చిందో! ఒకే రోజు పొద్దున ఒక పుచ్చకాయ, సాయంత్రం ఇంకొకటి తెస్తున్నారు కూడా.

నాకేమీ లేదని రాసిచ్చింది. అందుకు సంతోషించాలి కదా? ఇంటికొచ్చి ఆ నడవలో నిలబడి మడతలు లెక్కపెట్టాను. నేను కాకపోతే మరి ఎవరు?

కామేశ్వరి


విజయవాడ
జూలై

కామేశ్వరీ,

నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. ఒక్కటి చెప్పు. జనవరి అన్నప్పుడు వాడు నవ్వాడా? మీరిద్దరూ నవ్వారని రాశావు. వాడు నవ్వాడని రాయలేదు.

ఇంతకాలం నీకు చెప్పని సంగతి ఒకటుంది. పేరు పెట్టి పిలిస్తే వచ్చేస్తుందేమోనని చెప్పలేదు. నువ్వు మా ఇంటికి కోడలిగా వచ్చేనాటికి మా నాన్నగారు లేరు. గుండె ఆగిపోయిందని చెప్పి ఉంటారు. అది నిజమే. దానికి ముందు మూడు నాలుగేళ్లు ఏం జరిగిందో ఎవరూ చెప్పి ఉండరు.

మా పెరట్లో నీళ్లు కాచుకునే రాగి బాయిలరు ఉండేది, మధ్యలో గొట్టం, దాంట్లో బొగ్గులు. నాన్నగారు తెల్లారకుండా దాన్ని వెలిగించేవారు. అది మామూలే. కానీ ఒక ఏడు రోహిణీకార్తెలో, ఎండకి కాకులు కూడా అరవని రోజుల్లో, శాలువా కప్పుకుని బాయిలరు ముందు కూర్చుని, “పిల్లలు చలికి లేవడం లేదు, నీళ్లు కాగనీ” అన్నారు. అప్పటికి పిల్లలమెవరం ఆ ఇంట్లో లేము. భద్రం కాలేజీ హాస్టల్లో ఉన్నాడు. నేను సెలవులకి వచ్చి ఆ మాట చెవులారా విన్నాను. అప్పుడు నా చెవులు బాగానే పనిచేసేవి.

నాన్నగారు విప్పిన ప్రతి దాన్నీ, దారం గానీ కాగితం గానీ, నాలుగు మడతలు పెట్టేవారు. ఆ గుణం భద్రానికీ వచ్చింది. చిన్నప్పుడు చాక్లెట్ కాగితాలు కూడా వాడు అలాగే మడిచి గోడ పగుళ్లలో దాచేవాడు.

నీ బుర్ర బాగానే ఉంది తల్లీ. గీజరు చూసింది చాలు. ఒక్క పొద్దుటిపూట వంటింట్లోంచి బయటికొచ్చి కూర్చో.

హైమవతి


హవల్లీ
ఆగస్టు

వదినగారికి,

కూర్చున్నాను. శుక్రవారం, ఆఫీసు లేదు. హాల్లో చాప వేసుకుని, కందిపప్పు చేటలో పోసుకుని, నడవ కనిపించేలా కూర్చున్నాను. బాగా వెలుతురొచ్చింది. కింద రోడ్డు మీద ఎవరూ లేరు.

ఆయన గదిలోంచి వచ్చారు. స్వెట్టరు వేసుకున్నారు. నన్ను చూసి మామూలుగానే నవ్వారు. స్విచ్ దగ్గర ఆగి, టేపు కొసని గోటితో లేపి, చిరక్కుండా మెల్లిగా తీశారు. మడిచారు, మళ్లీ మడిచారు. గోడకి అంటించి బొటనవేలితో నొక్కారు. స్విచ్ వేశారు. చేతులు రుద్దుకుని, “ఈ ఏడు చలి ముదిరింది కామూ” అన్నారు.

బయట నిప్పులు కురుస్తున్నాయి వదినగారూ.

నేను చేటలో వేళ్లు అటూ ఇటూ ఆడించాను. ఆయన నడవలోనే పచార్లు చేశారు. నీళ్లు కాగేదాకా ఉండి, స్విచ్ ఆపారు. గుర్తుందా, స్నానానికి వెళ్లేముందు స్విచ్ ఆపాలని ఆదర్శ్‌కి చిన్నప్పుడు ఆయనే కట్టడి చేశారు. అందుకే ఎప్పుడు చూసినా నాకు స్విచ్ ఆపినట్టే కనిపించేది. తరవాత ఆ ఖాళీ బాత్‌రూం తలుపు మీద వేళ్లతో తట్టి, “ఆదర్శ్! కానీరా, బస్సు వచ్చే టైమైంది. మళ్లీ హారను కొట్టించుకుంటావు” అన్నారు.

తలుపుకి చెవి ఆనించి విన్నారు. సీలింగు పైన ఆ పెట్టె గొంతు సవరించుకుంది. ఆయన తల ఊపి, తృప్తిగా, “ఆఁ, పోసుకుంటున్నాడు” అని నాతో చెప్పి వెళ్లి పేపరు తీసుకున్నారు.

ఇన్నాళ్లూ వంటింట్లో ఫ్యాను హోరులో నాకు వినిపించనిది ఇదే.

ఆ తరవాత పది నిమిషాలకి ఆయన మళ్లీ మామూలు మనిషి. ఏసీ ఫిల్టరు తీసి కడిగారు. నాకు అదే ఎక్కువ భయం వేసింది. ఎప్పుడు ఏ మనిషి నడవలోకి వస్తాడో తెలియదు.

నా భయం ఇల్లు ఒక్కటే కాదు. ప్లాంటులో ఆయన పని మీకు తెలుసా? పెద్ద పెద్ద ఇనుప డ్రమ్ముల్లోకి మనుషులు దిగి శుభ్రం చేస్తారు. దిగేముందు లైన్లన్నీ మూశారా, లోపల చల్లబడిందా, గాలి బాగుందా అని చూసి, దిగొచ్చు అని చెప్పవలసింది మీ తమ్ముడే. ఆయన మాట మీదే వాళ్లు లోపలికి దిగుతారు. రెడ్డెమ్మ మొగుడు బాలసుబ్బయ్య కూడా అలా దిగేవాళ్లలో ఒకడు.

రోజూ కార్లో తీసుకెళ్లే శివకుమార్‌ని కదిపి చూశాను. “సార్ ఈమధ్య చాలా కూల్‌గా ఉంటున్నారు మేడం, ఇదివరకు అరిచేవారు” అన్నాడు. ఆ మాటకి నాకు ఖాజా హుస్సేన్ చెప్పింది గుర్తొచ్చింది. చప్పుడు చేసినన్నాళ్లే మంచిది.

చెబితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే ఇఖామా పోతుంది, ఇక్కడ ఉండేందుకు వీల్లేదు. చెప్పకపోతే ఏం పోతుందో తలచుకోలేకపోతున్నాను. మీరు పెద్దవారు. ఏం చేయమంటారు?

కామేశ్వరి


విజయవాడ
ఆగస్టు

కామేశ్వరీ,

చెప్పకు.

నేనే రాస్తున్నాను ఈ మాట. నాన్నగారి విషయం బయటపడగానే ఇంట్లో కూర్చోబెట్టారు. అప్పటిదాకా పొద్దున చొక్కా తొడుక్కుని బయటికెళ్లి, నలుగురితో మాట్లాడి వచ్చే మనిషి. కూర్చోబెట్టిన నెలలోపే మాట పోయింది. ఆ తరవాత మా ఎదురుగా ఉన్నది ఆయన చొక్కాలు మాత్రమే. పని ఉన్నంతకాలం భద్రం మిగిలి ఉంటాడు. ఆ పనిని నీ చేత్తో లాగేయకు.

రిటైర్మెంటు దగ్గరపడింది కదా. అందాకా లీవు పెట్టించు, ఒంట్లో బాగాలేదను, శివకుమార్‌ని కనిపెట్టి ఉండమను. ఏదో ఒకటి చెయ్యి. వాడు నా తమ్ముడు. నడక నేర్చుకుంది నా వేలు పట్టుకునే.

నువ్వు రాసిన బాలసుబ్బయ్య సంగతి చదవనట్టు నటించి ఈ ఉత్తరం రాస్తున్నాను. నా తలకి తెలుస్తూనే ఉంది. మనసుకి చెప్పలేకపోతున్నాను.

హైమవతి


హవల్లీ
సెప్టెంబరు

వదినగారికి,

మీ ఉత్తరం అందాక కొన్నాళ్లు మీరు చెప్పినట్టే చేశాను. లీవు పెట్టమంటే ఆయన నవ్వి, ఎందుకన్నారు. నేను రోజూ పొద్దున్నే చేట పట్టుకుని నడవలో కూర్చున్నాను. ఆయన స్విచ్ వేసేవారు, తట్టేవారు, వెళ్లేవారు. కారు కదిలినప్పటినుంచి సాయంత్రం దాకా ఫోను మోగితే ఉలిక్కిపడేదాన్ని.

ఈ సోమవారం పొద్దున ఆయన స్విచ్ వేశారు. ఆపలేదు. తలుపు తట్టారు, ఆదర్శ్‌ని పిలిచారు, చెవి ఆనించారు. స్విచ్ మాత్రం అలాగే ఉంది. నేను లేచి ఆపబోతుంటే వాకిట్లో బెల్లు మోగింది, రెడ్డెమ్మ. తలుపు తీసి, దానితో రెండు మాటలు మాట్లాడి, వంటింట్లో పాలు పొంగుతుంటే అటు పరిగెత్తాను. చూశారా, మరిచిపోయింది నేను కూడా.

కాసేపటికి ఇల్లంతా ఏదో తేడాగా అనిపించింది. ఏమిటో వెంటనే తెలియలేదు. ఆ గొణుగుడు లేదు.

“రెడ్డెమ్మా!” అని అరిచాను. అది బాత్‌రూంలో బకెట్టు పెట్టి, నా కేక విని “ఏందమ్మా?” అంటూ గడప దాటి ఇవతలికి వచ్చింది. అంతే, పైన గీజరు అడుగు ఊడి సీలింగు మొత్తం విరిగి పడింది. పలకలు, తుప్పు, సున్నం, వాటి వెనకే మరిగే నీళ్లు. ఆవిరికి తలుపు కనిపించలేదు. రెడ్డెమ్మ బకెట్టు ప్లాస్టిక్కుది, మెత్తబడి ఒక పక్కకి ఒరిగిపోయింది. మనిషికి మాత్రం చెప్పు మీద నాలుగు చుక్కలు పడ్డాయి, అంతకుమించి ఏమీ కాలేదు. గోడకి జారగిలబడి, “నేను చెప్పలే? నేను చెప్పలే?” అంటూనే ఉంది.

మీ తమ్ముడు బూటు లేసులు కట్టుకుంటున్నవారు పరుగున వచ్చారు. ముందు మెయిన్ ఆపేశారు, తరవాత నీళ్ల వాల్వు కట్టేశారు. చెయ్యి ఎక్కడా తడబడలేదు. ఆవిరి తగ్గాక పైకి చూశారు. ఇరవై ఏళ్ల కిందటి గొంతుతో, పనివాళ్లని నిలదీసే గొంతుతో అన్నారు:

“సేఫ్టీ వాల్వు సున్నంతో పూడుకుపోయింది. చూస్తేనే తెలుస్తోంది. ఎండాకాలంలో దీన్ని వేసిందెవరు? లోపల మనిషుంటే? ఎవరు వేశారసలు?”

అప్పుడు నేను చెప్పాను. “మీరేనండీ.”

కోపంగా నా వైపు తిరిగారు. నేను గోడ చూపించాను. ఆ మడతలన్నీ వరసగా ఉన్నాయి. ఆయన దగ్గరికి వెళ్లి ఒకటి పీకి, విప్పి, మళ్లీ మడిచారు. తన వేళ్లు మడతపెట్టడం తనే చూశారు. చాలాసేపు చూశారు. కింద శివకుమార్ హారను కొట్టాడు.

“ఇవాళ మూడో డ్రమ్ములోకి దిగుతున్నారు” అన్నారు. అని నేల మీద, ఆ నీళ్లలోనే కూర్చుండిపోయారు. “కామూ, నువ్వు ఫోన్ చెయ్యి. మా మేనేజరుకి. ఇప్పుడే చెయ్యి, నా ఎదురుగా. ఇంకాసేపటికి నేను ఒప్పుకోను. నాకేమీ లేదంటాను. నీతో పోట్లాడతాను. ఇప్పుడైతే ఒప్పుకుంటున్నాను.”

చేశాను వదినగారూ. మీరు వద్దన్న పనే చేశాను. ఆయన నా చెయ్యి పట్టుకునే ఉన్నారు. ఆ మేనేజరు మంచివాడు, వేరే మనిషిని చూసేదాకా డ్రమ్ము మూత తియ్యనివ్వనన్నాడు. రెడ్డెమ్మ తడిసిన నేలంతా తుడిచింది.

సాయంత్రం టీ తాగుతూ, “పొద్దున ఎవరికో ఫోన్ చేశావు, ఎవరికి?” అని అడిగారు.

మర్నాడు తెల్లారగానే బ్యాగు భుజాన వేసుకుని కిటికీ దగ్గర నిలబడి శివకుమార్ కారు కోసం చూశారు. ఆ తరవాతి రోజూ చూశారు. ఇప్పుడూ అక్కడే ఉన్నారు.

మీకు కోపమొస్తే రాయండి. రాయకుండా మాత్రం ఉండకండి.

కామేశ్వరి


విజయవాడ
అక్టోబరు

కామేశ్వరీ,

కోపం వచ్చింది. రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు ఆ బకెట్టు కళ్లముందు కనిపించింది. అది ఒరిగిపోయిందని రాశావే, ఆ ఒక్క మాట దగ్గరే నా కోపం ఆగిపోయింది.

రండి. ముందుగది ఖాళీ చేయించాను. బాత్‌రూంలో గీజరు పీకించేశాను. స్విచ్ మాత్రం ఉంచాను, తీగలు లేకుండా. వాడు వేసుకుంటే వేసుకోనీ.

వదిన


హవల్లీ
డిసెంబరు

వదినగారికి,

కాగితాల పని ఖలాస్. పెట్టెలు సగం కట్టాను. ఈ ఇంటినుంచి మీకు రాసే ఉత్తరం ఇదే ఆఖరు కావచ్చు.

కొత్త గీజరు పెట్టారు. తెల్లగా, చిన్నగా, అసలు ఉందో లేదో తెలియనట్టుంటుంది. పాతదాన్ని ఖాజా హుస్సేన్ కిందికి దింపుతుంటే ఆయన వెళ్లి దాని పొట్ట నిమిరారు. “బాగా పనిచేసింది” అన్నారు.

ఇక్కడ చలి మొదలైంది. ఎడారి చలి, ఎముకల్లోకి వెళ్తుంది. ఈ నెల నేనే గీజరు వేస్తున్నాను. ఆయన ఆపేస్తున్నారు. “ఎండాకాలంలో గీజరేమిటి కామూ, కరెంటు దండగ” అంటారు. స్వెట్టరు విప్పి పారేశారు. మొన్న ఎర్ర కుళాయి కింద చన్నీళ్లతో నిలబడి, పళ్లు టకటకలాడుతుంటే, “హాయిగా ఉంది, రా, చెయ్యి పెట్టి చూడు” అన్నారు. పెట్టాను. మంచునీళ్లు. ఆయన చేతికి మాత్రం అది జూలై.

ఇప్పుడు స్విచ్ ఆపకుండా ఉండేందుకు టేపు వేస్తున్నాను. పొద్దున చూస్తే గోడ మీద మడత ఉంటుంది. వాటినీ పీకడం లేదు. ఇల్లు అప్పగించేటప్పుడు ఓనరు ఏమనుకుంటే అనుకోనీ.

మీరు భయపడ్డట్టు మాట పోలేదు. తగ్గింది. రోజంతా ఏమీ మాట్లాడకపోయినా, పొద్దుటిపూట ఆ ఒక్క పిలుపు మాత్రం ఉండేది. తలుపు తట్టి ఆదర్శ్‌ని పిలవడం. ఋతువు ఏదైనా అది మాత్రం మారలేదు.

నిన్న పిలవలేదు. నడవలోకి వచ్చారు, తలుపు ముందు నిలబడ్డారు, చెయ్యి ఎత్తారు. ఆ చెయ్యి ఎందుకెత్తారో తెలియనట్టు అలాగే ఉండిపోయారు. ఇల్లంతా నిశ్శబ్దం. ఈ కొత్త గీజరుకి చప్పుడే లేదు.

ఖాజా హుస్సేన్ మాట గుర్తొచ్చింది. చేట పక్కన పెట్టి లేచాను. ఆయన పక్కన నిలబడి, ఆ ఖాళీ గది తలుపు నేనే తట్టాను. “ఆదర్శ్! కానీరా, బస్సొచ్చే టైమైంది” అని పిలిచాను.

ఆయన మొహం విచ్చుకుంది. నా వైపు చూసి, తలుపుకి చెవి ఆనించారు. నేను కూడా ఆనించాను.

ఆయన ఒక్కరే వింటే బాగుండదని ఆనించాను, అంతే. కానీ వదినగారూ, అక్కడినుంచి చెవి తీయడానికి నాకు చాలాసేపు పట్టింది.

మీ
కామేశ్వరి